పులుపూ చవుడూ

పెళ్ళివారింట ఎర్రనీళ్ళు ఎవరు కలిపినా పద్ధతి ఒక్కటే. పళ్ళెంలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి, వేలికొనతో కాస్త సున్నం తీసుకుని అందులో రంగరిస్తారు. పచ్చటి నీళ్ళు చూస్తూండగానే ఎర్రగా తిరుగుతాయి. దిష్టి తీసి ఆ నీళ్ళు వీధిలో పారబోశాక అందరూ భోజనాలకు లేస్తారు. ఆ భోజనాల్లోనే ఎవరిదో ఒకరి తెల్లచొక్కా మీద పప్పుపులుసు ఒలుకుతుంది. ఇంటికి వెళ్ళి ఆ మరకకు సబ్బు రాస్తే, పచ్చగా ఉన్నది కాస్తా ఎర్రబడి కూర్చుంటుంది. మరక పోకపోగా ముదిరిందని ఇంకొంచెం సబ్బు, దాని మీద బ్రష్షు, ఆపైన తిట్లు.

ముదరడం ఏమీ లేదు. పళ్ళెంలో సున్నం చేసిన పనే చొక్కా మీద సబ్బు చేసింది. పసుపులో ఉన్న కర్కుమిన్ అనే రంగుకు క్షారం తగిలితే ఎరుపు వస్తుంది. అదే మరక మీద ఒక నిమ్మచుక్క పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. దాన్ని వదిలించేది సబ్బు కాదు, ఎండ. జిడ్డు పోయేంతవరకు ఉతికి, బాగా జాడించి, మరక సూర్యుడికి ఎదురుగా ఉండేలా తీగ మీద వేస్తే, రెండు మూడు ఎండలకు దానంతట అదే వెలిసిపోతుంది. కర్కుమిన్ వెలుతురుకు ఆగే రంగు కాదు. ఇది తెల్లటి నూలుబట్టకు చెప్పే మాట. రంగుబట్టను అలా ఎండలో వదిలేస్తే మరకతోపాటు రంగూ పోతుంది.

రోజూ ఇంట్లో ఎదురయ్యే సమస్యల్లో సగానికి మూలం ఈ పళ్ళెంలోనే ఉంది. మొహానికి ఏది రాయాలి, పట్టుచీరను దేనితో ఉతకాలి, పులుసు ఏ గిన్నెలో కాయాలి అన్నవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మూడింట్లోనూ తేలవలసింది ఒకటే. ఎదుట ఉన్న వస్తువు పులుపుకు ఓర్చుకుంటుందా, చవుడుకు ఓర్చుకుంటుందా? పులుపంటే ఆమ్లం, చవుడంటే క్షారం. ఈ రెంటినీ కొలవడానికి 1909లో సోరెన్సన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఒక కొలబద్ద తయారుచేశాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవారి ప్రయోగశాలలో. బీరు కోసం పుట్టిన లెక్క ఇవాళ మొహానికి రాసుకునే క్రీముల డబ్బాల మీదికి ఎక్కింది. దాని పేరే పీహెచ్. సున్నా నుంచి 14 దాకా ఉంటుంది. నడుమ 7 దగ్గర మంచినీళ్ళు. కిందికి పోయేకొద్దీ పులుపు, నిమ్మరసం 2 దగ్గర ఆగుతుంది. పైకి పోయేకొద్దీ చవుడు, సున్నపు తేట 12 దాటుతుంది.

మనిషి చర్మం ఎక్కడుందంటే, 5కు అటూఇటూ. అంటే కొద్దిగా పులుపు వైపు. చెమటా, చర్మం ఊర్చే జిడ్డూ కలిసి పైన ఒక పల్చని పొరలా ఉంటాయి. చెడ్డ సూక్ష్మజీవులను అది దూరంగా ఉంచుతుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. ఎంత ఖరీదు పెట్టినా, ఎన్ని పువ్వుల పేర్లు చెప్పినా, నూనెనూ కాస్టిక్ సోడానూ కలిపి చేసినదల్లా క్షారమే. స్నానం కాగానే మొహం బిగబట్టినట్టు అనిపిస్తే, శుభ్రమైందని సంతోషిస్తారు చాలామంది. అది శుభ్రం కాదు, పొర పోయిన గుర్తు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో మళ్ళీ సర్దుకుంటుంది. చలికాలంలో కాళ్ళు తెల్లగా పొలుసులు లేచేవారికి, గజ్జి తామరలు ఉన్నవారికి, చంటిపిల్లలకు ఆ సర్దుబాటు అంత సులువు కాదు.

సబ్బు రేపర్ మీద చిన్న అక్షరాల్లో టీఎఫ్‌ఎం అని ఒక అంకె ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం వంతు ఎంతో అది చెబుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం 76 శాతం ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. అంతకన్నా తక్కువైతే దాన్ని టాయిలెట్ సోప్ అనడానికి వీల్లేదు, బాతింగ్ బార్ అనాలి. దానికి 40 శాతం ఉన్నా చాలు. పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, ధరల్లో పెద్ద తేడా ఉండదు, కాబట్టి రేపర్ తిప్పి చూసినవారికే లాభం. అయితే టీఎఫ్‌ఎం ఎక్కువైనంత మాత్రాన క్షారం తగ్గదు. చర్మం మరీ పొడిబారేవారికి డాక్టర్లు సిండెట్ బార్లు రాస్తారు. అవి చూపుకు సబ్బుబిళ్ళల్లాగే ఉన్నా సబ్బు కావు, వాటి పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది.

పులుపు మంచిదన్నారని నిమ్మచెక్కతో మొహం రుద్దుకునేవారు ఉన్నారు. 5 దగ్గర ఉన్న చర్మానికి 2 దగ్గరున్న రసం చురుకు పెడుతుంది. దానికి తోడు నిమ్మజాతి పళ్ళ తొక్కల్లో సోరలెన్ జాతి పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. ఇదే సోరలెన్ సున్నిపిండిలో కూడా చేరే వీలుంది. పెసలు, శనగలు, కచ్చూరాలతో పాటు కొందరు బావంచాలు కూడా వేసి దంపిస్తారు కదా, సోరలెన్‌కు ఆ పేరు వచ్చిందే ఆ గింజ శాస్త్రీయ నామం నుంచి. బొల్లి వైద్యంలో బావంచాలు వాడేది ఆ గుణం కోసమే. అందుచేత బావంచాలు వేసిన పిండితో నలుగు పెట్టుకుంటే, బాగా కడుక్కుని, ఆ పూట ఎండలోకి వెళ్ళకపోవడం నయం. ఉత్త పెసరపిండితో ఏ పేచీ లేదు.

ఎండకు రాసే సన్‌స్క్రీన్ విషయంలో అంకెలు చూసి మోసపోవడం ఎక్కువ. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది, చర్మాన్ని కమిలించే కిరణాల్లో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది. 50 ఉన్నది 98 శాతం. ఒక్క శాతానికి అంత ధర పెట్టేకన్నా, 30నే సరిపడా రాసుకోవడం మేలు. మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున పిండుకోవాలి. బఠాణీ గింజంత తీసి మొహమంతా సాగదీస్తే సీసా మీది అంకె మొహం మీదికి రాదు.

తెల్లబడటానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే గొట్టాలు మాత్రం ఈ పులుపు లెక్కకు అందవు. వాటిలో చాలావాటిలో బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రాసిన వారం పదిరోజులు మొహం నిగనిగలాడుతుంది, ఇరుగుపొరుగు అడిగి పేరు రాసుకుంటారు. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు లేచి, మానేస్తే మంటలు మొదలవుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. గొట్టం పేరు ఏదైనా, వెనక ఉన్న మందు పేర్లలో చివర 'సోన్' అనో 'సోల్' అనో కనబడితే డాక్టరుకు చూపించకుండా మూత తీయకూడదు.

ఇక బట్టలు. పట్టూ ఉన్నీ మన జుట్టూ చర్మం లాగే ప్రోటీను. నూలు మాత్రం చెట్టు సొమ్ము, సెల్యులోజు. ఈ తేడా చాకలివారికి ఏ రసాయనశాస్త్రం చదవకముందే తెలుసు. నూలుబట్టలను చవుడు కలిపిన నీళ్ళలో ముంచి, బానల మీద ఉబ్బకు వేసి, ఆవిరిపట్టి, బండకు బాదేవారు. నూలు ఏమీ చెక్కుచెదరదు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు కథ ఇంకా గట్టిది. నేతకు ముందే ఆ నూలును నూనెలోనూ, ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆ బూడిదనీళ్ళు పూర్తిగా క్షారం. నూలు దాన్ని తాగి మెత్తబడి, రంగును గట్టిగా పట్టుకుంటుంది. పట్టును అలా చేస్తే ఆ పోగు మెరుపు పోయి, పెళుసెక్కి, మడత మీద చిట్లుతుంది. పట్టుచీరలకు కుంకుడు రసం వాడే అలవాటు అందుకే వచ్చింది. కుంకుడు నురుగిస్తుంది గాని క్షారం కాదు, కాస్త పులుపు వైపే ఉంటుంది. తలకు ఏది పనికొస్తుందో పట్టుకూ అదే పనికొస్తుందని ఒక గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

మరి గద్వాల చీర సంగతేమిటి? ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, నేతలోనే రెంటినీ కలిపేస్తారు. నూలే కదా అని ఒళ్ళు చూసి బట్టలసోడాలో ముంచితే అంచు పోతుంది. అలాంటి చీర మొత్తాన్నీ పట్టుచీరగానే చూడాలి. చన్నీళ్ళు, కుంకుడు, పిండకుండా నీడన ఆరేయడం. ఏది పట్టో ఏది కాదో తెలియకపోతే, అంచు లోపల వేలాడే పోగు ఒకటి లాగి అగ్గిపుల్లకు చూపిస్తే తేలిపోతుంది. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది. పట్టు కాలిన వెంట్రుక వాసన కొట్టి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అమ్మినవాడు ఏం చెప్పినా పోగు అబద్ధం చెప్పదు.

బీరువాలో కూడా ఇదే లెక్క. ఉన్నినీ పట్టునూ తినే చిమటకు నూలు మీద మనసుండదు. నూలును కొరికే వెండిపురుగు మాత్రం గంజికోసం వస్తుంది. కాబట్టి చాలా రోజులు దాచే నూలుచీరలకు గంజి పెట్టకుండా మడవాలి. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి ఒక మూల ఉంచాలి గాని, చీర మడతల్లో వేయకూడదు, జరీ నల్లబడుతుంది. చంటిపిల్లల బట్టల మధ్య అసలే వద్దు. కొందరు పసిపిల్లల్లో ఆ వాసన రక్తకణాలను దెబ్బతీస్తుంది.

చిరిగిన బట్టకు మాసిక వేయడం ఇప్పుడు నామోషీ అయిపోయింది. చిరిగిన జీన్సు కొనుక్కోవడం మాత్రం కాదు! మాసిక సరిగ్గా నిలవాలంటే రెండు మూడు కిటుకులు చాలు. వేసే ముక్క, వేయించుకునే బట్ట ఒకే జాతివై ఉండాలి. కొత్తగుడ్డ ముక్క అయితే ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న పాతబట్టను లాగి ఇంకో చిరుగు పెడుతుంది. చీరకు వేసే ఫాల్ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఇదే. షాపులోంచి తెచ్చిన ఫాల్ నేరుగా కుట్టించేస్తారు, రెండో ఉతుక్కి కుచ్చిళ్ళ దగ్గర అంచు ముడుచుకుపోతుంది, చీరది తప్పంటారు. ముక్క మూలలు చదరంగా కాకుండా గుండ్రంగా కత్తిరిస్తే ఊడిరావు. పడుగు పడుగు వైపు, పేక పేక వైపు ఉండేలా పెట్టాలి. నూలుబట్టకు నూలుదారమే వాడాలి. గట్టిగా ఉంటుందని పాలిస్టర్ దారం వేస్తే, అది తెగదు, పాతబట్టను కోస్తుంది.

రఫూ చేసేవారి పని ఇంతకన్నా నాజూకు. వారు బయటి దారం వాడరు. అదే బట్ట లోపలి కుట్టు దగ్గర కనబడని చోట నుంచి పోగులు లాగి, చిరుగు మీద పడుగులా ఒక వరస పరిచి, పేకలా ఒకదాని పైన, ఒకదాని కింద సూది నడుపుతూ మళ్ళీ బట్టనే నేస్తారు. అందుకే కోటు కుట్టించుకున్నా, పట్టుజాకెట్టు కుట్టించుకున్నా మిగిలిన పేలికలు దర్జీ దగ్గర వదిలేయకుండా తెచ్చుకోవాలి.

వంటింట్లోకి వస్తే, పులుపుదే రాజ్యం. కుక్కర్ అడుగున నీళ్ళలో చిన్న చింతపండు తొక్కు వేయడం చాలా ఇళ్ళలో అలవాటు. వేయకపోతే లోపల నల్లబడుతుంది. ఆ నలుపు మసి కాదు. కుళాయి నీళ్ళలోని లవణాలు, కాస్త చవుడు స్వభావం కలిసి అల్యూమినియం పైపొర మీద చేసే పని. పులుపు చేరితే ఆ నలుపు కట్టదు. అయితే అదే పులుపు ఎక్కువసేపు ఉంటే అల్యూమినియాన్నే కరిగిస్తుంది. ఈ లోహం పైన పుట్టే రక్షణ పొర సుమారు 4 నుంచి 9 లోపు పీహెచ్‌లోనే నిలుస్తుంది. చింతపండు పులుసు ఆ గీతకు కింద, బట్టలసోడా పైన. రెండూ దానికి పనికిరావు. తొక్కు వేసిన నీళ్ళు పారబోస్తాం కాబట్టి బెంగలేదు, సాంబారు తాగుతాం కదా! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఈ హెచ్చరిక ఉంది. పచ్చళ్ళూ సాంబారూ లాంటి పుల్లటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిలవ ఉంచవద్దని.

కళాయి మాట వచ్చింది. "బిందెలకు మాట్లు వేస్తాం, గిన్నెలకు కళాయి పూస్తాం" అన్న కేక వీధుల్లో ఇప్పుడు అరుదు. బట్టకు మాసిక ఎలాగో బిందెకు మాటు అలాగ. కళాయివాడు వేపచెట్టు కింద గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ ఇత్తడి గిన్నెను బోర్లించి కాలుస్తాడు. కాలిన గిన్నెను పట్టకారుతో తిప్పి, లోపల నవసాగరం చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగతో లోహం మీది మురికి విడుస్తుంది. వెంటనే తగరపు కడ్డీని ఒకసారి ఆనిస్తే కొన కరిగి బొట్టుగా జారుతుంది. పాతగుడ్డ ఉండతో ఆ బొట్టును ఒక్క చుట్టు తిప్పుతాడు, అంతే, పసుప్పచ్చటి గిన్నె లోపలంతా వెన్నెల పోసినట్టవుతుంది. నీళ్ళలో ముంచితే చుయ్‌మంటుంది. చూడటానికి ఇంద్రజాలం, చేసేది రక్షణ. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే రాగి కరిగి కిలుమెక్కుతుంది, తిన్నవారికి వాంతులవుతాయి. అందుకే ఇత్తడిని చింతపండుతో తోముతాం గాని చింతపండును ఇత్తడిలో వండం.

తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టి, పక్కింటామె పిలిచిందని వెళితే, తిరిగి వచ్చేసరికి అడుగున వెండి ముత్యాలు దొర్లుతూ ఉంటాయి. పోపుకు కూడా అది పనికిరాదు. ఇలాంటి అనర్థమే నాన్‌స్టిక్ పెనంతోనూ ఉంది. దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడటం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్దమంట మీద కొన్ని నిమిషాల్లోనే అక్కడికి చేరుతుంది. ఆ పొగ మనుషులకు జ్వరం తెప్పిస్తుంది, పంజరంలో చిలుకుంటే దాని ప్రాణం తీస్తుంది. పిండి కలిపాకే పొయ్యి వెలిగించాలి, మంట మధ్యస్తంగా ఉండాలి, గరిటె చెక్కది కావాలి.

ఇనుప పెనానికి ఆ భయాలు లేవు. నూనె పట్టించి కాల్చేకొద్దీ నూనే గట్టిపడి నల్లటి నున్నటి పూతవుతుంది. పులుపు ఆ పూతను తింటుంది, ఇనుమును కూరలోకి తెస్తుంది. 1986లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఇనుప పాత్రలో ఉడికించిన 100 గ్రాముల ఆపిల్ గుజ్జులో అర మిల్లీగ్రాము కూడా లేని ఇనుము 7 మిల్లీగ్రాములు దాటింది. రక్తహీనత ఉన్న ఇంట్లో ఇది నష్టమేమీ కాదు. తోటకూరో టమాటా కూరో ఇనుప మూకుట్లో వండి, కాగానే వేరే గిన్నెలోకి తీసేస్తే సరి. అందులోనే వదిలేస్తే నల్లబడి, తుప్పు రుచి వస్తుంది.

స్టీలు గిన్నెలో ఉప్పు వేసేటప్పుడు నీళ్ళు మరిగాక వేస్తే అడుగున గుంటల మచ్చలు పడవు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని కొట్టువాడు చూపించే పరీక్షను నమ్మక్కర్లేదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకాలకూ అయస్కాంతం అంటుకోదు.

పులుసుకు అసలైన తోడు మట్టీ రాయీ. నెల్లూరు చేపల పులుసు మట్టిచట్టిలో కాచేది, ఆవకాయ జాడీలో పెట్టేది ఇందుకే, పులుపుకు అవి బదులు పలకవు. రాచ్చిప్ప కూడా అంతే. మెత్తటి బలపపురాయిని తొలిచి చేస్తారు. కొత్తది తెచ్చిన రోజునే పొయ్యి ఎక్కిస్తే పగులుతుంది. నాలుగు రోజులు లోపలా బయటా ఆముదమూ పసుపూ రాసి ఉంచి, తరవాత రోజూ వేడి గంజి పోసి చల్లారనిచ్చి, వారం పదిరోజులకు సన్నసెగ మీద నీళ్ళు కాచి, అప్పుడు పులుసు మొదలుపెట్టాలి. చన్నీళ్ళు వేడిమీద పోయకూడదు. రాయి వేడిని ఎంతకీ వదలదు, పొయ్యి మీద నుంచి దించి పీట మీద పెట్టాక కూడా పావుగంట దాకా పులుసు తుకతుకమంటూనే ఉంటుంది. అందుకని ఇంకా కాస్త పల్చగా ఉండగానే దించేయాలి.